మూడో పిన్ను

ఎమ్మిగనూరు,
12 జూన్ 2024.

జగదీషన్నకు,

చేనేత సంఘం గుమాస్తా భీమన్న కూతురు మమత రాస్తున్నది. నేను నీకు గుర్తుంటానో లేదో. ఐదేళ్ళ కిందట నువ్వు మా ఆఫీసులో కంప్యూటరు బిగించడానికి వచ్చి మా ఇంట్లో భోంచేశావు. రెండోసారి చారు పోసింది నేనే. నాయన పోయి మూడేళ్ళయింది. ఆయన తర్వాత ఆ కుర్చీ ఏడాదిపాటు ఖాళీగా ఉంది. ఇప్పుడు అందులో నేను కూర్చుంటున్నాను, అదే కంప్యూటరు ముందు.

నీ షాపుకు ఫోన్ చేస్తే హేమొదిన ఎత్తింది. "ఆయన ఫోన్లో మాట్లాడడమ్మా. మూడేండ్లాయె. ఏమున్నా కాగితం మీద రాసి బస్సులో పంపు, జవాబు రాస్తాడు" అంది. కంప్యూటర్లు అమ్మే మనిషి ఫోన్ ముట్టడంటే నాకు నవ్వొచ్చింది. నీ వ్యాపారం ఎట్లా సాగుతోందో దేవుడికే తెలియాలి. అయినా కాగితం తీశాను. నాకూ ఉత్తరం రాసి చాలా కాలమైంది.

అసలు సంగతికి వస్తాను. పాత కంప్యూటరుతో ఇక వేగలేను. ఆన్ చేసి, బయటికి పోయి నీళ్ళు పట్టుకుని, ఆఫీసు ఊడ్చే సావిత్రమ్మతో నాలుగు మాటలు మాట్లాడి వచ్చినా తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. నా పని పెద్దదేమీ కాదు. మా నలభై మగ్గాల వాళ్ళ దరఖాస్తులు నింపి ఆన్‌లైన్లో పెట్టాలి, ఉత్తరాలు టైపు చేయాలి, ప్రింట్లు తీయాలి. ఇన్నాళ్ళూ బతిమాలితే సంఘం ప్రెసిడెంటు సోమప్ప ఇప్పటికి ఒప్పుకున్నాడు. పాతిక వేలలో అయిపోవాలట, పదేళ్ళు మళ్ళీ ఆ మాట ఎత్తకూడదట.

నాదొక షరతు ఉంది. పాత డబ్బా పారేయకూడదు. లోపలి సామానంతా మార్చు, పైన డబ్బా మాత్రం అదే ఉండనీ. కొత్తది రాగానే పాతది తూకానికి వేసేస్తానని సోమప్ప అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి మా అమ్మ సరిగా అన్నం తినడం లేదు. ఎందుకని అడగొద్దు, చెబితే నవ్వుతావు. ఆ డబ్బా గడప దాటితే అమ్మ ఏమైపోతుందోనని నాకు భయంగా ఉంది.

నువ్వే ఒకసారి వచ్చి చూస్తే అన్ని విధాలా మంచిది. ఆదోని నుంచి గంట ప్రయాణం కదా.

మమత


ఆదోని,
19 జూన్ 2024.

చెల్లెలు మమతకు,

గుర్తున్నావు. చారు కూడా గుర్తుంది.

నేను రాలేను. సామాను ఒక్కొక్కటిగా బస్సులో పంపుతాను. ప్రతి పెట్టెలో ఒక కాగితం ఉంటుంది, అది చూసి నువ్వే బిగించుకో. కంగారు పడకు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పాత పడుగుకు కొత్త పడుగును పోగు పోగునా అతికే ఇంట్లో పుట్టినదానివి. దాంతో పోలిస్తే ఇదొక పనే కాదు.

ఆఫీసు కంప్యూటరుకు ఏం కావాలో చెబుతాను, సోమప్పకు వినిపించు. ఆటలాడేవాళ్ళ మిషను వేరు, మనది వేరు. గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు, ఆ పని ప్రాసెసరే చేసుకుంటుంది. ప్రాసెసరు కూడా కొత్త వాటిలో అన్నిటికంటే కింది రకం చాలు. ర్యామ్ ఎనిమిది జీబీ, ఒకే ముక్కగా వేద్దాం, పక్క గాడి ఖాళీగా ఉంటే రేపు అవసరానికి పనికొస్తుంది. హార్డ్ డిస్కు బదులు ఎస్సెస్డీ పెడితే నువ్వు చెప్పే చక్రం మళ్ళీ కనబడదు. మానిటరు, కీబోర్డు, ప్రింటరు పాతవే వాడుకో. అట్లా మిగిల్చిన డబ్బును ఎవరి కంటికీ కనబడని చోట పెడదాం. దాన్ని ఎస్ఎంపీఎస్ అంటారు. గోడలోంచి వచ్చే కరెంటును కంప్యూటరు తట్టుకునేట్టు మార్చి ఇచ్చే ఇనుప పెట్టె అది. చవకలో కావాలన్న ప్రతివాడూ ముందు దాని మీదే కోత పెడతాడు. మనం పెట్టం.

పాత డబ్బా మాత్రం కుదరదు. మీ అమ్మ కారణం నేను అడగను, నా కారణం నువ్వూ అడగొద్దు.

ఇంకో మాట. సామాను రాకముందే గోడ మీద బోర్డు మార్పించు. మూడు రంధ్రాలది పెట్టించు. పై రంధ్రం అలంకారానికి కాదు. ఆఫీసు వెనక గుంత తవ్వించి, బొగ్గూ ఉప్పూ వేసి, అక్కడి నుంచి ఎర్త్ వైరు లాగించు. అది పూర్తయిందని నీ చేత్తో రాసి పంపేదాకా ఇక్కడి నుంచి ఒక్క స్క్రూ కూడా కదలదు.

అంతవరకూ పాతదాని ముందు కూర్చున్నప్పుడు కాళ్ళ కింద చెక్క పీట వేసుకో. డబ్బాను ఉత్త చేత్తో ముట్టుకోకు. పాత మిషన్లన్నిటికీ నేను చెప్పే మాటే ఇది.

జగదీష్


ఎమ్మిగనూరు,
9 జూలై 2024.

జగదీషన్నకు,

గుంత అయింది. హొళగుంద నుంచి మంజునాథ్ అనే ఎలక్ట్రీషియన్ని పిలిపించాను. నాలుగడుగులు తవ్వాడు. సోమప్ప వచ్చి చూసి, "కంప్యూటరు కావాలంటివి, బావి తవ్విస్తాండావేమ్మే" అన్నాడు. "ఎండాకాలం వారానికోసారి బిందెడు నీళ్ళు కూడా పోయాల పెద్దాయనా" అని మంజునాథ్ అంటే, "తాగేటోళ్ళకే లేవు, భూమికి యాడ తెద్దును" అని వెళ్ళిపోయాడు. నీళ్ళు నేను పోస్తానులే.

పాత బోర్డు విప్పి మంజునాథ్ తల కొట్టుకున్నాడు. "అక్కా, ఈడ ఎర్తు ఇల్లవే ఇల్ల, లేనే లేదు. ఐదేండ్లు దేవుడే కాపాడినాడు మిమ్మల్ని" అన్నాడు. పాత కంప్యూటరు ప్లగ్గు కూడా చూపించాడు. మూడో పిన్నును ఎవరో మొదలంటా కోసేశారు. "ఇట్లా తెలివి గలోడు యావోడో గానీ, వాని వేలు కోసుంటే బాగుండు" అని తిట్టాడు. మా ఆఫీసులో ప్లయర్లు పట్టుకునేంత మొనగాడు ఎవడా అని నేనూ సావిత్రమ్మా నవ్వుకున్నాం. ఆ ప్లగ్గు మార్చేస్తానన్నాడు గానీ నేనే వద్దన్నాను. కొత్త బోర్డును పాతదాని పక్కనే వేయించాను, అది కొత్త కంప్యూటరుకు. పాతది ఉన్నన్నాళ్ళు పాత రంధ్రాల్లోనే ఉండనీ అన్నాను.

పీట వేసుకున్నాను. నీ మాట ఎందుకు కాదనాలి. సావిత్రమ్మ నన్ను పెళ్ళికూతురని ఎగతాళి చేస్తోంది.

డబ్బా సంగతి మళ్ళీ అడుగుతున్నాను. సామాను పెట్టుకోవడానికి కాకపోయినా ఒక మూల పడి ఉండనివ్వమని సోమప్పకు నువ్వొక ముక్క రాయి. అమ్మ రోజూ రాత్రి అదే అడుగుతోంది. "తీసకపోతారా? ఎప్పుడు తీసకపోతారు?" అని. ఆసుపత్రిలో ఉన్న మనిషి గురించి అడిగినట్టు అడుగుతుంది.

మమత


ఆదోని,
3 ఆగస్టు 2024.

చెల్లెలు మమతకు,

రెండు పెట్టెలు పంపుతున్నాను. పెద్దది కొత్త కేబినెట్. గాలి తీసుకునే చోట సన్నటి జాలీ నేనే కుట్టి పెట్టాను. మీ ఆఫీసులో నూలు దుమ్ము మామూలుగా ఉండదు, అది ఫ్యానులోకి పోయిందంటే ఆరు నెలల్లో మూతబడుతుంది. నెలకోసారి ఆ జాలీ తీసి దులిపించు. చిన్నదాంట్లో ఎస్ఎంపీఎస్ ఉంది. బరువు చూడు, మంచి దానికి బరువుంటుంది. ధర సోమప్పకు చెప్పొద్దు, బడ్జెట్లో సరిపెట్టాను.

మదర్‌బోర్డు, ప్రాసెసరు వచ్చే నెల పంపుతాను. ప్రాసెసరు మీద పూసే పేస్టు శనగగింజంత చాలు. ఎక్కువైతే పక్కలకు కారుతుంది, చపాతీకి నెయ్యి పూసినట్టు పూయొద్దు. ప్రతి పని ముందూ గోడ ప్లగ్గు తీసి ఉందో లేదో రెండుసార్లు చూసుకో. నేను మూడుసార్లు చూస్తాను. ఈ మధ్య అమ్మే ప్రతి డబ్బాకూ టెస్టరు పెట్టి, కట్టి, విప్పి, మళ్ళీ పెట్టి చూస్తుంటే హేమ కోప్పడుతోంది. గిరాకీలు నిలబడి చూసి వెళ్ళిపోతున్నారట. వెళ్ళిపోనీ.

రాత్రులు సరిగా నిద్ర పట్టడం లేదు. షాపులో ఫోన్ మోగితే ఇప్పటికీ లేచి బయటికి వెళ్ళిపోతాను. ఇదంతా నీకెందుకు రాస్తున్నానో నాకే తెలియదు.

మీ నాయన ఆఖరి రోజు సంగతి నాకెవరూ సరిగా చెప్పలేదు. కర్ఫ్యూ రోజులు, రావడానికి లేదు. నీకు బాధ కాకపోతే రాయి. రాయకపోయినా ఏమీ అనుకోను.

జగదీష్


ఎమ్మిగనూరు,
27 సెప్టెంబరు 2024.

జగదీషన్నకు,

వెలిగింది! నా చేతుల మీదుగా వెలిగింది. పేస్టు శనగగింజంత అన్నావు, నేను ట్యూబు గట్టిగా నొక్కితే వేరుశనక్కాయంత పడింది, గుడ్డతో తుడిచి మళ్ళీ వేశాను. ఒక వైరు ఎక్కడ పెట్టాలో తెలియక సాయంత్రం దాకా కూర్చున్నాను. చివరికి నీ కాగితం తిప్పి చూస్తే వెనక బొమ్మ వేసి ఉంది! ముందు వైపే 'వెనక చూడు' అని రాస్తే నీ సొమ్మేం పోయేది? బటన్ నొక్కిన తర్వాత నోట్లో నీళ్ళు మింగేలోపు తెర వచ్చేసింది. నేతగాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చూసిపోతున్నారు. పాతదాంట్లోని కాగితాలన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించాను. ఇక పాతదానితో ఆఫీసుకు పని లేదు.

నాయన సంగతి అడిగావు. 2021 మే 19. పొద్దున ఆరు నుంచి పన్నెండు దాకానే బయట తిరగనిచ్చేవాళ్ళు. ఆఫీసులో నాయన ఒక్కడే ఉన్నాడు. కరోనా అని సావిత్రమ్మ నేలంతా బ్లీచింగ్ నీళ్ళు పోసి కడిగి, బయట అరుగు మీద కూర్చుంది. లోపల ఏదో పడిన చప్పుడైతే వెళ్ళి చూసింది. కుర్చీ పక్కన తడి నేల మీద పడి ఉన్నాడు. డాక్టరు దూరం నుంచే చూసి గుండె అన్నాడు. ఆ నెలలో మా వీధిలోనే నలుగురు పోయారు. ఎవరూ ఏమీ అడగలేదు, మేమూ అడగలేదు.

ఇంత రాసిన తర్వాత ఆ డబ్బా సంగతి దాచడం దేనికి? నవ్వితే నవ్వు.

నాయన పోయిన కొన్నాళ్ళకు సావిత్రమ్మ దుమ్ము తుడుస్తూ అరిచింది. "కస్తూరమ్మా, భీమన్న సెయ్యి పట్టుకున్నాడు, జుమ్ముమనింది" అని. అమ్మ పరుగెత్తుకొచ్చి వేలు పెట్టింది. ఆమెకూ తెలిసింది. అప్పటి నుంచి ప్రతి అమావాస్యకూ వస్తుంది. గోనెపట్టా మీద చెక్క స్టూలు వేసుకుని, ఒక వేలు డబ్బాకు ఆనించి కూర్చుంటుంది. ఇంట్లో సంగతులన్నీ చెబుతుంది. కొన్ని రోజులు వస్తాడు, కొన్ని రోజులు రాడు. రాని రోజు కోపమొచ్చిందంటుంది. నేను చదువుకున్నదాన్ని, నాకు ఇవన్నీ నమ్మకం లేదని చెప్పాలి. కానీ అన్నా, కుర్చీలో కూర్చునే ముందు నేనూ రోజూ చేతి వెనక వైపు ఆనించి చూసుకుంటాను. తగిలితే ఆ రోజంతా ధైర్యంగా ఉంటుంది. మంజునాథ్‌ను ప్లగ్గు ముట్టుకోనివ్వనిది అందుకే. మారిస్తే నాయన పోతాడేమోనని.

దసరా లోపు తీసెయ్యాలని సోమప్ప గట్టిగా చెప్పాడు. అమ్మ ఒప్పుకుంది, ఒక్క మాట మీద. రెండో తేదీ మహాలయ అమావాస్య. ఆ పొద్దున తలకు పోసుకుని, తడి చీరతో వచ్చి, రెండు చేతులతో పట్టుకుని ఆయన్ను సాగనంపుతుందట. "వేలుతో కాదే, గట్టిగా పట్టుకుంటా ఒక్కసారి" అంది. ఆ మాట విని నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను.

మమత


ఆదోని,
2 అక్టోబరు 2024.

మమతకు,

పొద్దున ఫోన్ చేసింది నేనే. గొంతు గుర్తుపట్టి ఉండవు. "ప్లగ్గు పీకు, ముందు పీకు, అమ్మను ముట్టనియ్యాకు" అన్నాను. నువ్వు పీకాను అన్న తర్వాత పెట్టేశాను. మూడేళ్ళలో నేను మాట్లాడిన మొదటి ఫోన్ అది.

నీ ఉత్తరం ఇరవై ఎనిమిదినే వచ్చింది. మీ నాయన సంగతి రాసి ఉంటావని తెలుసు. విప్పడానికి భయపడి నాలుగు రోజులు బల్ల మీదే పెట్టుకుని చుట్టూ తిరిగాను. ఈ పొద్దున హేమ విప్పి చేతిలో పెట్టింది. తారీఖు చూశాను. ఇంకో గంట ఆలస్యమై ఉంటే ఏం జరిగేదో తలుచుకోలేను.

మీ అమ్మ చెయ్యి పట్టుకున్నది మీ నాయన కాదు. కరెంటు.

ఆ పిన్ను కోసింది నేను. మంజునాథ్ తిట్టింది నన్నే. ఆ రోజు మీ బోర్డుకు రెండే రంధ్రాలున్నాయి. సోమప్ప కొబ్బరికాయ పట్టుకుని నిలబడ్డాడు, పూజకు వేళ మించుతోంది. "బోర్డు సంగతి తర్వాత సూద్దాంలేప్పా, ఇప్పుటికి ఎలిగేట్లు సెయ్" అన్నాడు మీ నాయన. ప్లయరు నా చేతిలోనే ఉంది. వారంలో వచ్చి మారుస్తానన్నాను. రాలేదు. ఎస్ఎంపీఎస్ కూడా డబ్బాతో ఊరికే వచ్చిందాన్నే వేశాను. చవకలో కావాలన్నారు, చవకలో ఇచ్చాను.

లోపల ఎక్కడైనా కరెంటు డబ్బాకు తగిలితే మూడో పిన్ను దాన్ని భూమిలోకి పంపేస్తుంది. పిన్ను లేకపోతే ఎవరైనా ముట్టుకునేదాకా డబ్బాలోనే ఉంటుంది. పిన్ను కోసిన ప్లగ్గును ఎటు తిప్పైనా పెట్టొచ్చు. ఒక వైపు పెడితే ఏమీ తెలియదు, ఇంకో వైపు పెడితే డబ్బా అంతా కరెంటే. సావిత్రమ్మ ఊడ్చేటప్పుడు పీకి మళ్ళీ పెడుతుంది కదా. కొన్ని రోజులు వస్తాడు, కొన్ని రోజులు రాడు అన్నది అందుకే. చెక్క స్టూలు, ఎండిన గోనెపట్టా, పొడి నేల ఉన్నాయి కాబట్టి మీరు బతికారు.

ఇంకొకటి ఉంది. దాన్ని హేమకు కూడా చెప్పలేదు.

మీ నాయన పోవడానికి నాలుగు రోజుల ముందు నాకు ఫోన్ చేశాడు. "జగదీషా, డబ్బా ముట్టుకుంటే జుమ్ముమంటాంది, ఒకసారి వచ్చి సూస్తావా" అన్నాడు. కర్ఫ్యూ ఉంది, నాకు విసుగ్గా ఉంది. "సెప్పులేసుకోని ముట్టుకోన్నా, ఏం కాదు" అని నవ్వి పెట్టేశాను. నూలు ఉన్న గదిలోకి మీలో ఎవరూ చెప్పులతో రారని నాకు తెలుసు. నా చెప్పులు కూడా గడప బయట విడిచే ఆ మిషను బిగించాను. తెలిసీ ఆ మాట అన్నాను. ఆయన పెద్దమనిషి, నేనేదో తెలిసినవాణ్ణని నమ్మి సరేనన్నాడు.

డాక్టరు గుండె అన్నాడు. అయ్యుండొచ్చు. నేను చంపానా, గుండే ఆగిందా అన్నది నాకు చచ్చేదాకా తెలియదు. ఆ వార్త తెలిసిన రోజు నుంచి ఫోన్ మోగితే ఆయన గొంతే వినిపిస్తుంది. నోటికి ఏది వస్తే అది అనకుండా ఉండాలని కాగితం మీదే మాట్లాడుతున్నాను. నువ్వు 'అదే కంప్యూటరు ముందు' అని రాసింది చదివి రెండు రోజులు షాపు తెరవలేదు. అప్పుడే చెప్పాలి. చెప్పకుండా పీట వేసుకో అని రాసి సరిపెట్టుకున్నాను. ఆయనకు చెప్పులన్నట్టు నీకు పీట అన్నాను.

నన్ను ఏమన్నా పడతాను.

జగదీష్


ఎమ్మిగనూరు,
20 అక్టోబరు 2024.

జగదీష్ గారికి,

అన్నా అని రాయడానికి కలం రావడం లేదు.

ఆ పొద్దున ఫోన్ మోగేసరికి అమ్మ గడప మీద ఉంది. చీర నుంచి నీళ్ళు కారుతున్నాయి. నేను పరుగెత్తి ప్లగ్గు పీకాను. ఎందుకని కూడా ఆమె అడగలేదు, ఆమె చూపంతా డబ్బా మీదే ఉంది. గోనెపట్టా పక్కకు నెట్టి, కింద కూర్చుని, రెండు చేతులతో దాన్ని పట్టుకుంది. చెంప ఆనించింది. తర్వాత నా వైపు తిరిగి, "సల్లగుండాడే" అంది. "పోయినాడు. ఇన్నాళ్ళుండి ఇప్పుడు పోయినాడు."

మూడేళ్ళ కిందట కూడా అంత ఏడవలేదు. అప్పుడు ఏడవడానికి మనుషులు దగ్గరికి రాలేదు, ఇప్పుడు వీధంతా వచ్చింది. రోజూ నా కొంగు పట్టుకుని అడుగుతోంది. "ఒక్కసారి ఆ ప్లగ్గు పెట్టే. ఆయన ఉండాడో లేదో సూస్తా" అని. ఒక రోజు నేను లేనప్పుడు తనే ఆఫీసుకు వెళ్ళి రంధ్రం దగ్గర వెతుకుతుంటే సావిత్రమ్మ పట్టుకొచ్చింది. ఆ రాత్రి నేను పాతదాని వైరు మొదలంటా కోసేశాను.

పిన్ను కోసినవాణ్ణి తిట్టిన మాట నీకు రాసి నవ్వాను. నువ్వు చదివి ఊరుకున్నావు. బరువు చూడు, జాలీ దులుపు, శనగగింజంత పేస్టు అని రాసుకుంటూ కూర్చున్నావు. ఆ పూట చెప్పి ఉంటే అమ్మ ఇంకో రెండు అమావాస్యలు ఆ డబ్బాకు వేలు పెట్టి ఉండేది కాదు. నీ మీద ఎంత కోపమొస్తుందో చెప్పలేను. మళ్ళీ ఒక్కొక్కసారి ప్లగ్గు మార్చనివ్వని దాన్ని నేనే కదా అనిపిస్తుంది. అప్పుడు ఆ కోపం ఎవరి మీద వేయాలో తెలియదు.

కొత్త కంప్యూటరు బాగా పని చేస్తోంది. ఒక్క రోజు కూడా మొరాయించలేదు. ఎక్కడ చెయ్యి పెట్టినా ఏమీ తెలియదు. అది నువ్వు మంచి పని చేశావనడానికి గుర్తు. నాకు మాత్రం పొద్దున్నే కుర్చీలో కూర్చోవాలంటే ఏదోలా ఉంది.

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించలేను. ఆయన అలిగి పోయాడనుకుని కుమిలిపోతోంది. తనే ఏదో తప్పు చేశానంటోంది. నిజం తెలియకపోతే ఆ మనిషి ఇట్లాగే కరిగిపోతుంది. తెలిస్తే ఏమవుతుందో నేను చెప్పలేను. ఏదైనా సరే నువ్వే వచ్చి చెప్పు. వైర్లన్నీ కాగితం మీద నా చేత బిగింపించావు. ఇది కాగితం మీద కుదరదు.

మమత


ఎమ్మిగనూరు,
18 నవంబరు 2024.

(అమ్మ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. ఒక్క మాట కూడా దిద్దలేదు. మమత.)

జగదీషప్పా,

నేను కస్తూరమ్మను. మొన్న నువ్వొచ్చి పోయినంక ఎనిమిది దినాలు నేను ఎవురితో మాట్లాడలే. ఇప్పుడు మాట్లాడల్ల అనిపించి పాపను కాగితం తీయమన్నాను.

నువ్వు కింద కూచోని సెప్పినప్పుడు నీ మొగం సూసినా. ఆ పొద్దు మా ఇంట్లో అన్నం తిన్నోడు ఇట్లా ముసిలోడైనాడే అనుకుంటి. సెప్పేదంతా సెప్పి, "కొట్టమ్మా" అంటివి. నాకు సెయ్యి లేయలే. సావిత్రమ్మ వాకిట్లో నిలబడి వినింది. నీళ్ళు పోసిందాన్ని నేనే అని తలకాయ గోడకేసి కొట్టుకునింది. దాన్ని పట్టుకునేదే సరిపాయె నాకు.

నిన్ను శపించేదానికి నోరు రాలే. పోనీలేప్పా అనేదానికీ నోరు రాలే. రెండిట్లో ఏదో ఒకటి అనాలని నువ్వు సూసినావు, నాకు తెలుసు. ఏమీ అనకుండా పంపితే నీకు నిద్ర పట్టదని కూడా తెలుసు. పట్టకపోతే పట్టకపోనీ, నాకూ పట్టలే.

కరెంటని సెప్తివి. నమ్మినా. నువ్వు అబద్ధం సెప్పేదానికైతే అంత దూరం వస్తావా? అయితే ఒకటి అడుగుతా. మూడేండ్లు నేను ఆ డబ్బాకు సెప్పిన మాటలన్నీ యాడికి పోయినాయి? పాపకు సంబంధం వచ్చి తప్పిపోయింది సెప్పినా. పాలిచ్చే ఎనుమును అమ్మింది సెప్పినా. మోకాలు నొస్తాంటే అదీ సెప్పినా. జుమ్మంటే విన్నాడనుకుంటి. ఆయన్ని సంపిందేమో అని నువ్వు అనేదాని ముందరే కూచోని నా గోడంతా యెళ్ళబోసుకున్నానే! దాన్ని తలుసుకుంటే నా ఒళ్ళు నాకే అసయ్యమైతాంది.

దసరా లోపలే అన్న సోమప్ప ఇన్నాళ్ళు ఆగి, నిన్న డబ్బా తీసకపోయినాడు. నేను అడ్డం పడలే.

ఇప్పుడు నాకు మాట్లాడేదానికి తావు లేదు. పాపకు సెప్తే ఏడుస్తాది, ఇది రాస్తానే ఏడుస్తాంది. సావిత్రమ్మకు సెప్తే ఊరంతా సెప్తాది. ఉండే ఒక్క తావు నువ్వే తీసేస్తివి. అందుకే సెప్తాండా, నువ్వు రా. నెలకొక్కసారి రా. మా ఇంట్లో కూచో. నాకు సమాధానం సెప్పాకు, ఓదార్చాకు, కాళ్ళ మీద పడాకు. ఊరికే విను. ఆయన బతికున్నప్పుడు కూడా అంతే, ఒక్క మాట మాట్లాడేటోడు కాదు, కూచోని వినేటోడు.

ఈ ఆదివారమే రా. ముందుగాల సెప్పాల్సింది ఒకటుంది. ఆ పొద్దు ఆయన ఆఫీసుకు పోనన్నాడు. "ఏమో కస్తూరీ, ఈ పొద్దు పాణం బాగలేదు, ఇంట్లోనే పండుకుంటా" అన్నాడు. రోగమొచ్చిందంటే వీధిలో అందురూ మనల్ని దూరం పెడతారని భయపడి, నేనే సొక్కా తెచ్చి సేతికిచ్చి పంపిస్తి. ఆ మాట మూడేండ్లలో ఆ డబ్బాకు కూడా సెప్పలేకపోయినా.

మిగతాదంతా నీకు సెప్తా. రా.

కస్తూరమ్మ